అంకెల్లేని కంచు లోకం

మార్టూరు దగ్గర గ్రానైటు పలకలు కొలవడం నా పని. చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత వచ్చిన లెక్కలన్నీ నాకు నేనే నేర్చుకున్నవి, పాత పుస్తకాల్లోంచి కొన్ని, తప్పులు చేసి కొన్ని. పలకను చూడగానే ఎన్ని అడుగులో చెప్పగలను. అయినా టేపు పెట్టకుండా రాయను. చొక్కా జేబులో చిన్న నోటుపుస్తకం ఎప్పుడూ ఉంటుంది.

మా గోడకవతల లేత్ షెడ్డు. అక్కడ పనిచేసేవాడు ఇరవై ఏళ్ళకు పైగా నా స్నేహితుడు. రాయి కోసే మిషన్ల ఇరుసులు అరక్కుండా తొడిగే బుష్షులు తయారుచేసేవాడు. షెడ్డులో అందరూ ఆ లోహాన్ని గన్‌మెటల్ అంటారు. రాగిలో తగరం కలిసిందే కాబట్టి వాడు మాత్రం కంచు అనే అనేవాడు.

వాడు ఒక లోకాన్ని రాస్తున్నాడు. మన భూమి కాదు, ఇంకెక్కడో నక్షత్రాల మధ్య. ఆ నేలలో ఇనుము లేదు. రాగి ఉంది, తగరం ఉంది. అందుకని కత్తి నుంచి నక్షత్రాల మధ్య తిరిగే నావ దాకా అన్నీ కంచువే. అక్కడి సూర్యుడు కూడా కంచు రంగే. వేసవిలో మా దగ్గర రాతిదుమ్ము లేచి, ఏరేసిన పత్తి కట్టెల మీద సాయంత్రపు ఎండ పడినప్పుడు వాడు లేత్ ఆపి బయటికొచ్చేవాడు. "అదిగో, అదే వెలుగు" అనేవాడు. నాకు దుమ్మే కనబడేది.

నావ కొలతలు చెప్పి లెక్క కట్టమన్నాడు ఒకసారి. నూటయాభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల అడ్డం, అంగుళం మందం. పలకల కాగితం వెనకాల కట్టి చూపించాను.

"పైతోలు ఒక్కటే రెండొందల టన్నుల పైమాట. ఇది లేవదురా."

"లేవకపోతే తోస్తారు లేరా. నువ్వేమన్నా మోస్తావా?"

"ఇంకోటి. నావ గంటలా మోగిందని రాశావు. శూన్యంలో కంచు మోగదు. గాలి ఉండాలి."

వాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఆ వాక్యం కొట్టేసి కొత్తది రాసుకొచ్చాడు. ఆ లోకంలో జనం కంచు మోతను చెవితో వినరు. అరచెయ్యి ఆనించి వింటారు. నావ వెళ్ళేటప్పుడు, దిగేటప్పుడు, కావలసినవాళ్ళు దాని పక్కకు అరచెయ్యి ఆనిస్తారు. నా తప్పుపట్టడం వల్ల పుట్టిన ఆచారం అది. ఆ రోజు నవ్వుకున్నాను.

మా ఇద్దరికీ అసలు పేచీ ఇంకోచోట. ఆ లోకంలో అంకెలు లేవు. సంవత్సరాలు లెక్కపెట్టరు. కంచు రంగును బట్టి కాలం చెప్పుకుంటారు. కొత్త కంచు తేనె రంగు. తర్వాత చింతగింజ రంగు, ఆ తర్వాత నలుపు, ఇంకా పాతదైతే పచ్చటి చిలుము. రెండు వస్తువులు పక్కపక్కన పెట్టి ఏది ముందుదో, ఏది వెనకదో చూస్తారు. అంతే. ఊరి సెంటర్లో సిమెంటు విగ్రహానికి కంచు రంగు వేస్తుంటే వాడికి ఒళ్ళు మండేది. "అది రంగు. వయసు కాదు" అనేవాడు.

పుస్తకం కూడా అలాగే కట్టాలనుకున్నాడు. మొత్తం ఇరవై ఏడు అధ్యాయాలు, ఒక్కొక్కటి ఒక్కో పొడవాటి కాగితం మీద, వరసలో రాయలేదు, అంకె వెయ్యలేదు. ఒకే కడ్డీలోంచి ఇరవై ఏడు కంచు బిళ్ళలు కోశాడు. ఒక్కో బిళ్ళ మీద ఒక్కో గుర్తు కొట్టాడు. చేప, గరిటె, జల్లెడ, ఇలా. అదే గుర్తు ఒక కాగితం నెత్తిన గీశాడు. తర్వాత ఉప్పు, ఊక, ఆవు పంచితం కలిపిన కుండల్లో బిళ్ళల్ని షెడ్డు వెనక పాతిపెట్టాడు. కథలో ముందు జరిగినదాని బిళ్ళ ఎక్కువ రోజులు, వెనక జరిగినదానిది తక్కువ రోజులు. తీశాక ఒక చెక్క మీద పెట్టేవాడు. రంగు చూస్తే వరస తెలుస్తుంది.

"పేజీ నంబరు వేస్తే ఏం పోయిందిరా?" అనేవాణ్ణి.

"వేస్తే అది నీ లోకం అవుద్ది. నాది కాదు."

పాతిపెట్టకముందు బిళ్ళలన్నిటినీ నేను తూచాను. కొలవని వస్తువు చేతిలో ఉంటే నాకు తోచదు. కంసాలి గారి కొట్లో మిల్లీగ్రాములు చూపే తక్కెడ ఉంది. "కంచుకు బంగారం తక్కెడా? రేపు గుమ్మడికాయ తెస్తారా?" అని ఆయన నవ్వాడు. ఒక్కో బిళ్ళ ఎనభై అయిదు గ్రాములకు కొంచెం అటూఇటూ తూగింది. గుర్తు, బరువు నోటుపుస్తకంలో రాసుకున్నాను. రాయాల్సింది ఇంకోటి ఉందని అప్పుడు తోచలేదు.

తర్వాత వాడి ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఎనిమిది నెలలు మంచంలో ఉన్నాడు. మాట ఈలలా వచ్చేది. ఆఖరి వారంలో అడిగాను.

"ఒరేయ్, చివరి కాగితం ఏదిరా?"

"బిళ్ళ చూడు" అన్నాడు.

చూద్దాంలే అనుకున్నాను. చెక్క మీద వరసగానే ఉన్నాయి కదా. వాడు పోయాక ఆ పది రోజుల్లో వాటిని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. పదకొండో రోజు తర్వాత తీరిగ్గా వరస రాసుకుందామనుకున్నాను.

పదకొండో రోజు పొద్దున్నే వెళ్ళాను. మైల తీరాలని ఇల్లంతా కడిగారు. వసారాలో తెల్ల పంచె మీద ఇంట్లో ఉన్న రాగి చెంబులు, ఇత్తడి బిందెలు తోమి ఆరబెట్టి ఉన్నాయి. వాటి పక్కన ఇరవై ఏడు బిళ్ళలు. అన్నీ ఒకే రంగు. అప్పుడే లేత్ మీంచి దిగినట్టు మెరుస్తున్నాయి.

వాడి భార్య నన్ను చూసి లేచింది. చేతివేళ్ళు చింతపండు పులుపుకు నానిపోయి ఉన్నాయి.

"చూశారా అన్నయ్యగారూ, ఎంత చిలుము పట్టించాడో. పచ్చవి అయితే మూడేసి సార్లు తోమా. ఫోటో ముందు పెడదామని."

 ఆవిడ చేసింది తప్పు కాదు. మైల ఉన్న ఇంట్లో లోహాన్ని చింతపండుతో తోమకుండా ఎవరుంటారు? ఆ కాగితాల సంగతి ఆవిడకు తెలుసు. రంగుల సంగతి వాడు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నా ఫోన్లో ఒక ఫోటో దొరికింది, షెడ్డులోని పసుపు బల్బు కింద తీసింది. అందులో బిళ్ళల మీది గుర్తులు కనబడవు, తేనె, చింతగింజ, నలుపు అన్నీ ఒక్కటే.

విషయం చెప్పక తప్పలేదు. ఆవిడ ఏడవలేదు. ఆ కాగితాలన్నీ తీసుకుని వారం రోజులు చదివింది. తర్వాత నన్ను పిలిపించింది. రెండు కాగితాలు ముందు పెట్టింది. ఒకటి చేప గుర్తుది. నావ దిగుతుంది. ఒకామె వచ్చి, తన మనిషి ఉన్న ఆ నావ పక్కకు అరచెయ్యి ఆనిస్తుంది. ఇంకా వెచ్చగా ఉంటుంది. రెండోది గరిటె గుర్తుది. నావ లేస్తుంది. అదే ఆమె, అదే అరచెయ్యి, అదే వెచ్చదనం.

"వెళ్ళినవాడు తిరిగొచ్చాడా? వచ్చినవాడు వెళ్ళిపోయాడా?" అంది. "ఆ ఒక్కటి చెప్పండి. మిగతా ఇరవై అయిదూ ఎట్టా ఉన్నా పర్లేదు నాకు."

"ఎట్టా చెప్పేదమ్మా, రంగు పోయాక."

"రాయి చూసి అడుగులు చెప్తారంటగా మీరు. ఇరవై ఏడు బిళ్ళలు తేల్చలేరా?"

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. రెండు రోజులకు తట్టింది. కంచుకు చిలుము పట్టడమంటే పైన కంచే కొంత తరిగిపోవడం. తోమితే ఆ తరిగింది వదిలిపోతుంది. ఎక్కువ రోజులు పాతిన బిళ్ళ ఎక్కువ తరగాలి. మొదటి బరువులు నా దగ్గరున్నాయి. ఇప్పటి బరువు తీసేస్తే వరస రావాలి.

కంసాలి గారు ఈసారి నవ్వలేదు. మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కొక్కటే పెట్టాను. సగానికొచ్చేసరికి వరస తేలడం మొదలైంది. వాడు బతికున్నప్పుడు చెప్పని మాట తక్కెడ అద్దం మీద వెలుగుతోంది. గ్రాము దాకా తరిగినవి ఉన్నాయి. అరగ్రాము తరిగినవి ఉన్నాయి. అన్నిటికంటే తక్కువ తరిగినవి, అంటే కథలో అన్నిటికంటే వెనకవి, రెండు. చేప, నూటపది మిల్లీగ్రాములు. గరిటె, ఎనభై.

చేప ఎక్కువ తరిగింది. అంటే దిగడం ముందు, లేవడం వెనక. అంటే ఆఖరి కాగితంలో నావ వెళ్ళిపోతుంది.

తేడా ముప్పై మిల్లీగ్రాములు. పది ఆవగింజల ఎత్తు. ఆవిడ చెయ్యి ఒక బిళ్ళ మీద కొంచెం గట్టిగా పడినా అంత పోదా? అది తెలియకుండా చెప్పకూడదు. షెడ్డులో మిగిలిన కడ్డీ ముక్కలోంచి మూడు బిళ్ళలు కోయించాను. తూచి, ఒకే కుండలో ఒకే నెల పాతిపెట్టి, తీసి ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎందుకో చెప్పాను.

"మామూలుగా తోమండమ్మా. ఆ రోజు తోమినట్టే."

ఆవిడ చింతపండు నానేసింది. పెరట్లో పీట వేసుకుని మొదటి బిళ్ళ చేతిలోకి తీసుకుని అలాగే కూర్చుంది.

"ఆ రోజు తోమినట్టు ఇప్పుడెట్టా తోముతానండీ" అంది.

చింతపండు గిన్నె ఆవిడ దగ్గరికి జరిపాను. కాసేపటికి తనే తోమింది. తూచాను. మూడూ ఒక్కలా తరగాలి. కానీ ఎక్కువ తరిగినదానికీ తక్కువ తరిగినదానికీ మధ్య నలభై మిల్లీగ్రాములు తేడా వచ్చింది. ఆవిడ చేతి తేడా నలభై. నేను వెతుకుతున్న తేడా ముప్పై. ఆ ముప్పై కాలానిదో, ఆవిడ చేతిదో చెప్పడానికి లేదు. కంచుకాగడా పెట్టి వెతికినా దొరకదు.

నిజాయితీగా చెప్పాల్సింది ఇది: అంకె వెళ్ళిపోవడం వైపు మొగ్గుతోంది, కానీ ఆ మొగ్గును నమ్మకూడదు. దారి పొడుగునా ఈ వాక్యమే వల్లించుకున్నాను. ఆవిడ వసారాలో కూర్చుని ఉంది. కళ్ళు నా జేబు మీదున్నాయి.

"రెండూ సమానం అమ్మా" అన్నాను. "తక్కెడకు తెలియడం లేదు."

ఆవిడ చేప కాగితం తీసి అన్నిటి అడుగున, ఆఖరిదిగా పెట్టింది. కట్టకు దారం కట్టింది.

పలక అంచులో అర అంగుళం కూడా వదలని వాణ్ణి నేను. ఆ ముప్పైని వదిలేశాను. నోటుపుస్తకంలో మాత్రం రెండు అంకెలూ ఉన్నాయి. చింపెయ్యలేకపోయాను. ఎందుకు అబద్ధం చెప్పానో నాకు తెలుసు కాబట్టి అది బాధపెట్టదు. బాధపెట్టేది ఇంకోటి. గోడకవతల లేత్ తిరుగుతుంటే పని మధ్యలో నా అరచెయ్యి దానంతటది గోడకు ఆనుతుంది. ఆ అదురు తెలుస్తుంది. ఇప్పుడు అక్కడ వేరే మనిషి పనిచేస్తున్నాడని తెలుసు. అయినా చెయ్యి తియ్యను, లేత్ ఆగేదాకా. అప్పుడు వాడి గొంతు వస్తుంది, జబ్బు రాకముందటి గొంతు. "అంకెల్లేని లోకానికి తక్కెడ మోసుకెళ్ళావేందిరా" అని.

ఏడాది తిరిగాక సంవత్సరీకానికి వెళ్ళాను. ఫోటో ముందు చెక్క, దాని మీద బిళ్ళలు. ఈ ఏడాదిలో ఆవిడ వాటిని తోమలేదట. రంగు పోగొట్టిన చింతపండు మళ్ళీ వాటికి అంటించనంది. గాలికి అన్నీ చింతగింజ రంగుకు వచ్చాయి. అన్నీ ఒకేలా, వాడు పోయినప్పటి నుంచే కాలం మొదలైనట్టు. లెక్కపెట్టాను. ఇరవై ఆరు ఉన్నాయి.

"ఒకటి తక్కువుందమ్మా."

ఆవిడ పైటచెంగు ముడి విప్పింది. చేప బిళ్ళ. తేనె రంగులో మెరుస్తోంది. రోజంతా చేతిలోనే ఉంటుందట. కూర తరిగేటప్పుడు మాత్రం చెంగున కట్టుకుంటుందట. అరచేతి రాపిడికి దానికి మచ్చ పట్టలేదు. వాడి లోకంలో ఎవరికి చూపించినా అదే అన్నిటికంటే కొత్తదని చెబుతారు. అదే ఆఖరిదని.

నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. చేప పొలుసుల గీతలు కొంచెం అరిగాయి. అరిగిందంటే బరువు తగ్గింది. ఇప్పుడు తూస్తే గరిటెకూ దీనికీ తేడా ముప్పై ఉండదు, ఇంకా పెరిగి ఉంటుంది. చూస్తే రోజురోజుకూ కొత్తది. తూస్తే రోజురోజుకూ పాతది.

"ఇంకోసారి తూచి చూస్తారా అన్నయ్యగారూ? ఈసారి తెలుస్తుందేమో."

"వద్దమ్మా" అన్నాను.

బిళ్ళ తిరిగి ఇచ్చాను. ఆవిడ ముడి వేసుకుని వడ్డించడానికి లోపలికి వెళ్ళింది.