గుర్రాల దొడ్డి, గన్నేరు కంచె

మొన్నామధ్య భీమవరం నుంచి మా మేనల్లుడు వచ్చాడు. రొయ్యల చెరువుల మీద నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాడు. చెరువుల పక్కనే కొత్తగా ఇల్లు కట్టుకుని, అది చాలనట్టు సరదాకి ఒక గుర్రాన్ని కూడా కొన్నాడు. ఇంటి చుట్టూ తోట వెయ్యడానికి కడియం నర్సరీ వాళ్ళని మాట్లాడుకున్నాడట, వాళ్ళు గీసిచ్చిన బొమ్మని ఫోనులో చూపించి ఎలా ఉందో చెప్పమన్నాడు. పచ్చిక ఇక్కడ, రాళ్ళ బాట ఇక్కడ, ఫౌంటెన్ ఇక్కడ అంటూ వేలితో జరుపుకుంటూ పోతుంటే, గుర్రం ఉండే షెడ్డు పక్కన బారుగా గులాబిరంగు చుక్కలు కనిపించాయి. అవేం మొక్కలురా అంటే గన్నేరు అన్నాడు.

“తీయించెయ్యి నాయనా. గుర్రం ఉన్నచోట గన్నేరు ఉండకూడదు.”

“దానికైతే మెయింటెనెన్స్ ఉండదన్నారత్తా. సరేలే, నువ్వు చెప్పాక ఇంకేంటి,” అని అక్కడికక్కడే ఫోను చేసి మార్పించేశాడు. ఎందుకని అడగలేదు, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. అడిగితే చెబుదామని కూర్చున్న నాకు మాత్రం ఆ పూటంతా మరో పని మీదికి మనసు పోలేదు. అతనికి చెప్పలేకపోయింది మీకు చెబుతాను. నా ఈడువాళ్ళకి జట్కాల కాలం ఎలాగూ గుర్తుండే ఉంటుంది.

మాది పెనుగొండ. అమ్మవారి దర్శనానికి వచ్చే యాత్రికుల్ని బస్సు దగ్గర ఎక్కించుకుని గుడికీ సత్రాలకీ చేర్చడమే మా ఇంటికి జీవనాధారం. ఒక జట్కా నాన్నగారు తోలేవారు, రెండోది బాబాయి. నాన్నగారి గుర్రం ఎర్రది, బాబాయిది నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్నది. వాటికి వేరే పేర్లేమీ పెట్టలేదు, ఎర్రది, చుక్కది అంటే ఊరందరికీ తెలుసు. ఇల్లు చిన్నదే గానీ వెనక దొడ్డి పెద్దది. ఆ దొడ్డిలో గుర్రాలు నాన్నగారివి, మొక్కలు మా మామ్మవి. ఇద్దరికీ రోజూ తగువే.

ఇప్పుడు డబ్బులిచ్చి బొమ్మలు గీయించుకుంటున్నారు గానీ మా మామ్మ ఏ కాగితమూ లేకుండానే ఆ దొడ్డిని తీర్చిదిద్దింది. వర్షాకాలంలో గిట్టలు జారకుండా పాక నుంచి వీధిగుమ్మం దాకా గోదావరి ఇసక పోయించింది. గుర్రాల్ని కడిగిన నీళ్ళు అరటి బోదెలకి పారేలా చిన్న కాలువ తీయించింది. లద్దె ఎత్తి ఒక మూల మాగబెట్టి, బాగా చివికాకనే పొట్లపాదుకీ మల్లెపొదకీ వేసేది, పచ్చిది వేస్తే వేళ్ళు మాడిపోతాయని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. ఇంత చేసీ ఏమరుపాటున ఉన్నప్పుడు ఎర్రది మెడ చాచి తోటకూర మడి సగం మేసేసేది, మామ్మ చేటతో దాన్ని అదిలిస్తూ నాన్నగారిని తిట్టేది. దాని లద్దె లేకపోతే నీకు తోటకూర ఎక్కడిదే అని ఆయన నవ్వేవారు. ఆ నవ్వుతో ఆమెకి ఇంకా ఒళ్ళు మండేది.

గన్నేరు ఉన్నది ఇంటి ముందు, వీధి కంచె పొడుగునా. మామ్మ కాపురానికి వచ్చిన కొత్తలో నాటినవి, ఆమెతోపాటే పెద్దవయ్యాయి. కంచెకి బయటి వైపు పూసిన పూలు వీధివాళ్ళవి. తెల్లవారగానే చుట్టుపక్కల వాళ్ళు సజ్జలు పట్టుకుని వచ్చి పూజకి కోసుకుపోయేవాళ్ళు, ఎవరూ అడగక్కర్లేదు. లోపలి వైపువి మామ్మవి. వాటిని ఆకులతో సహా దండ గుచ్చి ఇంట్లో అమ్మవారి పటానికి వేసేది. గన్నేరు గుర్రానికి విషమని మా ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు. అందుకే కొమ్మలు కత్తిరిస్తే ఆకు ఆకూ ఏరి అవతల పారేసేవాళ్ళు, పటం మీంచి తీసిన నిర్మాల్యాన్ని ఏరోజుకారోజు ఊరి కాలువలో కలిపేవాళ్ళు. అందరికీ తెలిసినదే కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పేవారు కాదు. ముప్పు అక్కడే వచ్చింది.

ఆ ఏడాది బాబాయికి పెళ్ళయి కోనసీమ నుంచి మా పిన్ని వచ్చింది. నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. పిన్ని నాకు జడ వేసేది, ఈనెపుల్లలతో బొమ్మలు చేసి పెట్టేది, నేనెన్ని ప్రశ్నలడిగినా విసుక్కునేది కాదు. ఆమె వచ్చాకే ఆ ఇంట్లో నాకంటూ ఒక మనిషి ఉన్నట్టనిపించింది. వాళ్ళ పుట్టింట్లో ఆవులుండేవి, గుర్రాలు లేవు. పూజకి నందివర్ధనాలూ మందారాలూ. దేవుడి పూలు ఎవరి కాలి కిందా పడకూడదని ఆ నిర్మాల్యం ఆవు మేత మేసే గాట్లో వెయ్యడం అక్కడి అలవాటు.

వైశాఖం. ఏటా లాగే కాలువలు కట్టేశారు, అడుగున బురద తప్ప నీరు లేదు. కాలువకి నీళ్ళొచ్చాక కలపవచ్చునని మామ్మ నిర్మాల్యాన్ని బుట్టలో వేసి దేవుడి గది బయట పెట్టేది. రోజుల తరబడి అది నిండి, ఎండి, గాలికి రేకులు నడవలోకి ఎగిరిపడుతున్నాయి. అందరూ తొక్కుకుంటూ తిరుగుతున్నారని పిన్నికి ప్రాణం ఒప్పలేదు. ఒక పొద్దున్న బాబాయి చుక్కదాన్ని కట్టుకుని బస్సు దగ్గరికి వెళ్ళాక, బుట్ట తీసుకెళ్ళి ఎర్రదాని గాట్లో గడ్డితో కలిపి కుమ్మరించింది. పచ్చి గన్నేరైతే ఆ చేదుకి గుర్రం ముట్టుకునేది కాదేమో, ఎండినది గడ్డిలో కలిసిపోయింది.

మధ్యాహ్నానికి ఎర్రది వణికిపోతూ పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చి గాట్లోంచి దండ దారం ఒకటి పైకి తీసి చూపించాడు, ఇక చెయ్యగలిగిందేమీ లేదన్నాడు. నాన్నగారు దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పొద్దు వాలేసరికి అది పోయింది. పిన్ని దొడ్డిగుమ్మంలో నిలబడి, “నేనే వేశానండి అత్తయ్యగారూ,” అంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఆమె తరవాత నాతో అంది.

మర్నాడు మామ్మ గునపం పట్టుకుని గన్నేరు కంచె మొదలంటా తవ్వడం మొదలుపెట్టింది. జరిగింది జరిగిపోయింది, ఉంచవే అమ్మా అని బాబాయి అడ్డం వెళితే, “అమ్మవారికి పూలు ఎక్కడైనా దొరుకుతాయిరా,” అని పనిలో పడిపోయింది. వేరు కూడా మిగలకుండా పెళ్ళగించి గోతిలో పూడ్పించింది. పూలకొచ్చిన వీధివాళ్ళు ఖాళీ సజ్జలతో కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

పిన్ని మాత్రం దొడ్డిలోకి అడుగు పెట్టడం మానేసింది. అన్నం సరిగా తినేది కాదు, బాబాయితో కూడా మాట్లాడేది కాదు. కబురు తెలిసి వాళ్ళ నాన్నగారు పంటు మీద గోదావరి దాటి వచ్చారు. కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంచుకుంటానండి అన్నారు తలొంచుకుని. “మా ఇంటి పద్ధతి మేం చెప్పలేదండి అన్నయ్యగారూ, అమ్మాయి తప్పేం లేదు,” అంది మామ్మ. అన్నా లాభం లేకపోయింది. పిన్ని అప్పటికే ట్రంకుపెట్టె సర్దుకుని ఉంది. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు, వాళ్ళ ముఖాలు చూసి నాకూ తెలిసింది. ఆ పెట్టె మీద ఎక్కి కూర్చుని దిగనని ఏడ్చాను.

అప్పుడు నాన్నగారు వచ్చారు.  ఆ రోజుల్లో బావగారు మరదలి ఎదుట పడడం, నేరుగా మాట్లాడడం ఉండేది కాదు. ఆమె వంటింట్లో ఉంటే ఆయన ఆ దరిదాపులకే వచ్చేవారు కాదు. అలాంటిది నానబెట్టిన ఉలవల బేసిను పట్టుకుని వంటింటి గడప దాకా వచ్చి నిలబడ్డారు.

“అమ్మా, చుక్కదానికి దాణా వేళయింది. ఇవాళ్టి నుంచి నువ్వే పెట్టాలి,” అన్నారు పిన్నితో.

బేసిను గడప మీద పెట్టి, వీధి అరుగు మీదికి వెళ్ళి, వీధి వైపు తిరిగి కూర్చున్నారు. మాకు మిగిలింది ఆ ఒక్క గుర్రం.

 పిన్ని లేచి, చేట తెచ్చుకుని, ఉలవలు అందులో పోసుకుని బియ్యం ఏరినట్టు ఏరింది.  గడ్డి కూడా పరక పరకా విదిలించి చూసింది. ఆకలికి చుక్కది గిట్టతో నేల తన్నుతూనే ఉంది. ఆ పని అయ్యేసరికి బాగా పొద్దెక్కింది, అంతసేపూ నాన్నగారు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. వాళ్ళ నాన్నగారు సాయంత్రం ఒక్కరే వెళ్ళిపోయారు.

ఆ తరవాత చుక్కది ముసలిదయ్యేదాకా దానికి పిన్ని చేతి దాణాయే. మామ్మ పోయాక ఆ మొక్కలూ ఆమెవే అయ్యాయి. ఆటోలు వచ్చి జట్కాలు పోయాయి, వాటాలు పంచుకుంటే దొడ్డి నాలుగు ముక్కలై ఇళ్ళు లేచాయి, టైల్స్ పరచని జానెడు నేల కూడా ఇప్పుడక్కడ లేదు. దానికి బాధ ఉంది, కాదనను, కానీ అవి పోయేవేనని సరిపెట్టుకోగలను.

నాన్నగారు ఆవేళ అలా తిరిగి కూర్చున్నది దుఃఖం కొద్దీ అని చాలా ఏళ్ళు అనుకున్నాను. తనను ఎవరూ కనిపెట్టి చూడటం లేదని పిన్నికి తెలియాలని కూర్చున్నారని, నాకూ కోడళ్ళు వచ్చాక గానీ అర్థం కాలేదు. ఇప్పుడు మా వీధిలో ప్రతి గుమ్మానికీ కెమెరా ఉంది, ఎవరు ఏం చేశారో నిమిషంలో తేలిపోతుంది, తేలగానే ఆ మనిషిని ఆ పనిలోంచి తప్పించేస్తాం.  ఆయన మాత్రం ఉన్న ఒక్క గుర్రాన్నీ ఆమె చేతికి ఇచ్చి, చూడకుండా కూర్చున్నారు.