కట్ట మీద చెప్పులు

ఆ ఊరి మంచినీళ్ళ చెరువు కట్ట మీద చెప్పులతో నడవకూడదు. ఆ సంగతి నాకు తెలియదు. గుడివాడలో చదువు వెలగబెట్టి తాగునీటి శాఖలో ఇంజినీరునయ్యాను. హంసలదీవి వెళ్ళే దారిలో ఉన్న ఆ చెరువును చూసుకునే పని నాకు అప్పజెప్పారు. మొదటిరోజే బూట్లతో టకటకా మెట్లెక్కేశాను. పైన కావలి మనిషి చేతులు అడ్డం పెట్టాడు. అరవై దాటినవాడు, ఊరందరికీ బాబాయి.

"చెప్పులిప్పండి మేడంగారూ."

"ఇదేమన్నా గుడా?"

"గుళ్ళో ఇప్పకపోతే దేవుడు ఊరుకుంటాడండి. కట్ట ఊరుకోదు."

నాకు ఒళ్ళు మండింది. అయినా విప్పాను. ఆయన వాలకం అలాంటిది మరి, తహసీల్దారు వచ్చినా విప్పించేలా ఉన్నాడు.

ఆయన కట్టను అరికాళ్ళతో చదివేవాడు. రోజూ తెల్లవారగానే ఒక చుట్టు. లోపల ఎక్కడన్నా తడి చేరితే పైనున్న మట్టి కాలికి చల్లగా తగులుతుందట. "కంటికి కనపడేసరికి ఆలీసం అయిపోయినట్టేనండి" అనేవాడు. చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు గ్లాసు. కట్ట అడుగున నీరు ఊరితే అందులోకి పట్టి ఎండకెత్తి చూసేవాడు. తేటగా ఉంటే భయం లేదు, మట్టి కట్టన్నాక కాస్త ఊరుతుంది. బురదగా ఉందంటే మాత్రం నీళ్ళతోపాటు కట్ట కూడా బయటికొచ్చేస్తోందన్నమాట. నేను నాలుగేళ్ళు లెక్కలు కట్టి నేర్చుకున్న పాఠాన్ని ఆయన గ్లాసులో పెట్టుకు తిరుగుతున్నాడు. నేను వస్తున్నానని తెలిస్తే ముంజలు కొట్టించి ఉంచేవాడు. నాకు ఆయనంటే చాలా ఇష్టం. అంత ఇష్టం ఉన్నవాళ్ళ మీదే నాకు నోరు లేస్తుంది, అదీ నా తెగులు.

ఆ వైపు భూమిలో నీళ్ళు ఉప్పు. బోరు వేస్తే కూరలో ఉప్పు దండగ అని నవ్వుకుంటారు. వేసవిలో కాలవ కట్టేస్తారు, నీళ్ళు రావు. కట్టేసేలోపు చెరువులో నింపుకున్న నీళ్ళే మళ్ళీ కాలవ వచ్చేదాకా ఊరంతటికీ ఆధారం. కట్ట తెగితే ఆ ఎండల్లో బిందె పట్టుకుని ఎవరి గుమ్మం ముందు నిలబడాలి?

రెండో వేసవిలో, కాలవ కట్టేసిన రెండు వారాలకు వెళ్ళాను. కట్ట మీద గడ్డి అంతా ఎండి పసుప్పచ్చగా ఉంది. కట్ట బయటివైపు, అడుగున ఒకచోట మాత్రం పచ్చగా మెరుస్తోంది. దిగి చూశాను. రేగడి మట్టి ముద్దలు పెట్టి, అరచేత్తో నున్నగా మెత్తి ఉంది. వేళ్ళ గుర్తులు కూడా కనిపిస్తున్నాయి. ఒకటి కాదు, వరసగా మూడు. మూడోదాని పక్కనుంచి నీరు ఊరుతోంది. ఆయన గ్లాసు లాక్కుని పట్టాను. టీ రంగులో ఉంది.

రైతులకు అది చేతికి అలవాటైన పని. చేను గట్టుకి పీత బొరియ పెడితే ఒక మట్టి ముద్ద కొట్టి ముందుకు సాగిపోతారు. చేలో ఉండేది జానెడు నీళ్ళు, ఆగుతాయి. ఇక్కడ లోపల రెండు నిలువుల నీళ్ళు తోస్తున్నాయి. బయట మూసేస్తే ఆగవు. పక్కనుంచి దారి చేసుకుంటూ మట్టిని తినేస్తాయి.

"ఇదేమన్నా నీ చేను గట్టనుకున్నావా? ఎన్నాళ్ళ నుంచి పూడుస్తున్నావ్? నాకెందుకు చెప్పలేదు?" కోపంలో 'నువ్వు' వచ్చేసింది. ఆయన తలొంచుకున్నాడు. నేనూ కిందికే చూశాను. ఆయన కుడి మడమలో తుమ్మముల్లు, వేలెడు పొడవుది, దిగబడి ఉంది. రక్తం మట్టితో కలిసి గడ్డకట్టింది.

"బాబాయ్, కాల్లో ముల్లు!"

"ఏ కాల్లోనండి?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. షుగరట. ఏడాదిగా అరికాళ్ళకు స్పర్శ లేదట. చల్లదనం తెలియకపోయినా రోజూ చుట్టు తిరుగుతూనే ఉన్నాడు. ఊట కంటపడేసరికి సిగ్గేసి, ఎవరికీ చెప్పలేక, తెలిసిన పద్ధతిలో పూడ్చేశాడు.

పై ఆఫీసుకు ఫోన్ చేసి మనుషుల్ని పిలిపించాను. మట్టి ముద్దలు తీయించి, నీరు వస్తూనే మట్టి ఆగేలా ఇసక, దాని మీద కంకర పరిపించాను. ఇక లోపలివైపు నీళ్ళు దూరుతున్న బొరియ నోరు ఎక్కడుందో కనుక్కోవాలి. ముల్లు తీసి గుడ్డ కట్టించుకున్న కాలితో ఆయన నీళ్ళలోకి దిగబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపి నేను దిగాను. ఒడ్డు నుంచి ఆయన చెబుతున్నాడు.

"కాలు ఎత్తకండమ్మా, జరపండి. రాళ్ళ సందున అరికాలిని ఎవరో పీల్చినట్టుంటది."

మోకాటిలోతులో జరుపుకుంటూ వెళ్ళాను. ఒకచోట నిజంగానే పీల్చింది. "ఇక్కడ బాబాయ్!" అని అరిచాను. బంకమట్టి బస్తాలు అక్కడ దింపారు. సాయంత్రానికి ఊట సన్నబడింది. గ్లాసులో నీళ్ళు తేటపడ్డాయి. చూస్తూ ఆయన ఏడ్చాడు.

"నా కాళ్ళు పనికిరావని రాసేయండమ్మా. తప్పదు."

రాశాను. అబద్ధం రాస్తే అది ఊరు తాగే నీళ్ళతో ఆట. దాంతోపాటు, గ్లాసు చూడ్డంలో ఆయన్ని మించినవాళ్ళు లేరనీ, తోడుగా కాళ్ళు బాగున్న మనిషి కావాలనీ రాశాను. పంచాయతీవాళ్ళు ఆయన భార్యను పెట్టారు.

పది రోజుల తర్వాత బందరులో షుగరు వాళ్ళు వేసుకునే మెత్తటి చెప్పులు కొని పట్టుకెళ్ళాను. పిన్ని అప్పటికే కట్ట మీద వట్టి కాళ్ళతో నిలబడి ఉంది. ఆయన మెట్ల దగ్గర నేనిచ్చిన చెప్పులు చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"వేసుకోండి బాబాయ్. కట్ట ఊరుకుంటుంది."

వంగి కట్ట మట్టిని తాకి కళ్ళకద్దుకున్నాడు. చెప్పులు తొడుక్కుని, గ్లాసు తీసుకుని, ఆమె వెనక నడిచాడు. నాలుగడుగులు వేసి అడిగాడు.

"ఎట్టా ఉందే, చల్లగా ఉందా?"