అవ్వ పిలుచుకొన్న నీళ్ళబల్లి

మే నెలలో కోవిల్‌పట్టికి రావాలంటే ఎండ కూడా మా అవ్వ సుబ్బమ్మాళ్‌ను అడిగే రావాలి. ఆమె తల ఊపితే తెల్లవారుతుంది, చెయ్యి విసిరితే పొద్దు గూకుతుంది. నమ్మకపోతే మా వీధిలో ఎవరినైనా అడగండి. భయానికైనా అవుననే చెబుతారు.

అలాంటి అవ్వ ఇంటికి న్యూట్‌ను తెచ్చింది నేనే. తొమ్మిదో తరగతి తప్పి, విరుదునగర్‌లో రంగుచేపల అంగడిలో పనిచేస్తున్నాను. న్యూట్ అంటే నీళ్ళలో బతికే బల్లిలాంటి జీవి. వేలెడంత పొడవు, నల్లటి వీపు, కుంకుమరంగు పొట్ట. వచ్చినవాళ్ళంతా "బల్లి, బల్లి" అని జడుసుకుంటుంటే ఎవరు కొంటారు? ఎక్కడైనా పారేసి రమ్మన్నాడు యజమాని. నేను దాన్ని నీళ్ళ కవర్లో పెట్టుకొని బస్సెక్కాను.

అవ్వ కవరు ఎత్తి వెలుతురులో చూసింది. అది ముందుకాలు చాచి కవరుకు ఆనించింది.

"పావం, దీనికి చేతులుండాయే!"

"చల్లని నీళ్ళు లేకుంటే బతకదంట అవ్వా. తాకితే చెయ్యి కడుక్కోవాలంట."

మా ఇంట్లో చల్లగా ఉండేది ఒక్కటే, ఇసుక మీద పెట్టిన అవ్వ మంచినీళ్ళ కుండ. అవ్వ దాన్ని అందులోకే దించింది. కుండ మూతికి పలుచని గుడ్డ కట్టింది. తాను మాత్రం ప్లాస్టిక్ బిందెలోని వెచ్చటి నీళ్ళు తాగసాగింది. పెరట్లో నీళ్ళతొట్టి పక్కన తడిమట్టి తవ్వి, దానికోసం వానపాములు ఏరేది. నా కంచంలోకి అన్నం మాత్రం గరిటెతో విసిరేది.

శనివారం ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీ నుంచి పెదనాయన కుళందైసామి వచ్చాడు. తాత పోయినప్పటినుంచి ఇంట్లో ఏం కొనాలో, ఎవరు ఎక్కడ పడుకోవాలో ఆయనే చెబుతాడు. కుండ మీది గుడ్డ విప్పి ఎగిరిపడ్డాడు.

"అమ్మా! పోయిన నెల బిందెలో బల్లి పడితే, విషమని నీళ్ళంతా పారబోస్తివే! ఇప్పుడు బల్లిని సాకుతావా?"

"అది పిలవకనే వచ్చె. దీన్ని నేను పిలుచుకొంటిని."

"ఊరు నవ్వుతాది. ఎండలో పారేస్తా!" అని కుండ అంచు పట్టుకొన్నాడు.

అవ్వ కుండ పక్కన చతికిలబడి రెండు చేతులూ దాని చుట్టూ వేసింది.

"ఎత్తురా. నన్నూ కలిపి ఎత్తు. కూలికి అగ్గిపెట్టెలకు కాగితాలు అంటించి అంటించి ఈ ఇల్లు కడితిని. ఇంట్లో ఏం జరగాలో ఇన్నాళ్ళూ నువ్వు చెప్తివి, సుమ్మా ఊరకుంటిని. ఇది ఉండాలని నేను చెప్తా."

"ఇది ఉంటే నేనీ ఇంట్లో నీళ్ళు తాగను!"

"తాగొద్దు. వీధికొళాయి ఉండాదే."

పెదనాయన చొక్కా తగిలించుకొని టీ అంగడికి పోయాడు. అవ్వ గుడ్డ మళ్ళీ బిగించింది. ముడి రెండుసార్లు జారింది. అవ్వను అలా చూడటం నాకు నచ్చలేదు. అందుకే కెలికాను.

"గెలిచితివిలే అవ్వా. రేపు ఎండకు ఇది చచ్చిపోతే పెదనాయనకు ఏం చెప్తావు?"

"చస్తే నా ఇంట్లో చస్తాది. నువ్వు నోరు మూసుకొని పోయి నీళ్ళు తేవే."