కర్త పక్కనే క్రియ

ఆసుపత్రి అంబులెన్సు నడిపే ఆమెను అందరూ డ్రైవరమ్మ అనేవారు. ఎంత ఇరుకు సందులోనైనా గోడకు గీత పడకుండా బండి పోనిచ్చేది. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుక మడత పడేది. కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరుకు తెలుగు రాదు. రోగి పరిస్థితిని దారిలోనే వైర్‌లెస్‌లో ఆయనకు ఇంగ్లీషులో చెప్పాలి. మొదటిరోజు ఆమె ఏదో చెప్పడం, ఆయన "వాట్? వాట్?" అనడం. చెమటలు పట్టేశాయి.

ఆ సాయంత్రమే, బడిలో ఇంగ్లీషు చెప్పే వదిన ముందు చతికిలబడింది.

"మాటలన్నీ వచ్చు వదినా. కలిపి చెప్పబోతే చిక్కుపడుతున్నాయి."

"మనం క్రియ చివర్లో చెప్తాం. వాళ్లకి అంత ఓపిక లేదు," అంది వదిన బఠాణీలు వలుస్తూ. "ఎవరు, ఏం చేశారు? ఆ రెండూ ముందు పడెయ్. మిగతాది తర్వాత."

రోజూ వంటింట్లోనే పాఠం. చిన్న వాక్యం తన కాళ్లమీద తను నిలబడుతుంది. అలాంటి రెండింటిని 'అండ్'తోనో 'బట్'తోనో కలపొచ్చు. 'బికాజ్'తో మొదలైన ముక్క మాత్రం ఒంటరిగా నిలవదు, పక్కన పూర్తి వాక్యం ఉండాల్సిందే.

"అచ్చం మా అన్నయ్యే! నువ్వు పక్కన లేకపోతే ఒక్క పనీ పూర్తికాదు."

వదిన పడీపడీ నవ్వింది.

సిగ్నల్ దగ్గర బండి ఆగితే చాలు, ఎదురుగా కనిపించినవాటిమీదల్లా వాక్యాలు కట్టేది. బండి వెనక రోగిని చూసుకునే కాంపౌండరు చెవులు మూసుకునేవాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం తాపీమేస్త్రీ ఒకాయన మేడ మీంచి పడ్డాడు. వెనక కాంపౌండరు గాయాన్ని రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. మైకు ఆమెదే. 'ఎవరు, ఏం చేశారు' అనుకుంటూ మీట నొక్కింది.

"హీ ఫెల్ ఫ్రమ్ ద రూఫ్. హీ ఈజ్ బ్రీతింగ్, బట్ హీ ఈజ్ నాట్ టాకింగ్. హిజ్ లెగ్ ఈజ్ బ్లీడింగ్ బికాజ్ ద బోన్ ఈజ్ అవుట్."

పడ్డాడు, ఊపిరి ఉంది కానీ మాట లేదు, ఎముక బయటికొచ్చి రక్తం పోతోంది. డాక్టరు ఒక్కసారి కూడా "వాట్" అనలేదు. బండి చేరేసరికి ఆపరేషన్ గది, ఎక్కించాల్సిన రక్తం సిద్ధంగా ఉన్నాయి. మేస్త్రీ బతికాడు. కొన్నాళ్లకు చేతికర్రతో నడిచాడు కూడా.

సంగతంతా విని వదిన కళ్లు తుడుచుకుంది. "సాధించావే పిల్లా!"

"ఇక ప్రశ్నలు వెయ్యడం నేర్పు వదినా. దారిలో ఇంకేం చేస్తే బాగుండేదో డాక్టరుగారిని అడగాలి," అంది డ్రైవరమ్మ, పీట దగ్గరికి లాక్కుంటూ.