అటక మీద కాపురం

"మూడు నెలలు ఇల్లు పాడుబెట్టాల్సిందే. ఇందులో ఇంక మాటేం లేదు," అంది వదిన.

"ఇల్లు పాడుబెడితే గేదెనేం చెయ్యమంటారు వదినగారూ? మీతోపాటు పిఠాపురం తోలుకెళతారా?" అన్నాను.

"వెటకారాలొద్దు. గుడ్లగూబ దూరిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు."

"ఇంట్లో దూరలేదండి. ధాన్యం కొట్టులో దూరింది."

"కొట్టు ఇంట్లోది కాదేంటే? ఇంటి పెంకూ కొట్టు పెంకూ కలిసే ఉన్నాయిగా!"

"మన పెంకూ పక్కింటి పెంకూ కూడా కలిసే ఉన్నాయి. వాళ్లనీ సామాను సర్దుకోమనండి మరి."

మావారు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. అది పొద్దుట వచ్చిన పేపరు. భోజనానికి ముందే మొత్తం చదివేశారు. అక్కకూ పెళ్లానికీ మాటా మాటా వచ్చినప్పుడల్లా ఆయనకు పాత పేపరులో కొత్త వార్తలు కనిపిస్తాయి.

"ఒరేయ్, నువ్వేమంటావురా?" అంది వదిన.

"నేననేదేముందక్కా. మీరిద్దరూ ఏదనుకుంటే అదే."

"మేమిద్దరం ఒకటే అనుకుంటే ఈ గొడవెందుకండీ?" అన్నాను. ఆయన పేజీ తిప్పారు.

వదిన అంటే మావారి అక్క. ఏటా కార్తీకమాసంలో వచ్చి పది రోజులుంటుంది. పిఠాపురంలాంటి పుణ్యక్షేత్రంలో కాపురం చేస్తున్నందుకు లోకంలోని శకునాలన్నీ తన కొంగున ముడేసి ఉన్నాయని ఆవిడ నమ్మకం. ఆ ఏడు దీపావళి వెళ్లిన మర్నాడు దిగింది. రెండోరోజు సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టి తల పైకెత్తేసరికి, కొట్టు గోడకున్న గాలికిటికీలోంచి గుడ్లగూబ బయటికెళ్లడం కంటపడింది. దీపం అక్కడే వదిలేసి కేకలు పెట్టింది. ఆ కేకల్లోంచి వచ్చిందే ఈ తగువు.

నాకు ఆ పక్షి సంగతి వానాకాలం నుంచీ తెలుసు. ఎవరితోనూ అనలేదు. మా కొట్టులో దాళ్వాకు, అంటే రెండో పంటకు, దాచిన విత్తనాల ధాన్యం ఉంటుంది. ఏటా ఎలుకలు బస్తాల అడుగున కన్నాలు చేసేవి. బోను పెడితే చిట్టెలుక పడేది, పందికొక్కు పక్కనుంచి పోయేది. మందు పెడితే ఎలుకలు బాగానే ఉండేవి, నా పెట్ట చచ్చింది. ఆ ఏడు మాత్రం బస్తాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఊడ్చేటప్పుడు నేల మీద నిమ్మకాయంత నల్లటి ఉండలు దొరికేవి. పుల్లతో విరిచి చూస్తే లోపల ఎలుక బొచ్చు, సన్నటి ఎముకలు, ఒక్కో ఉండలో రెండేసి పుర్రెలు. తల పైకెత్తితే అటక దూలం మీద, తమలపాకు ఆకారాన కత్తిరించి అతికించినట్టున్న తెల్లటి మొహం కనిపించింది. నన్ను చూసి కళ్లు మూసుకుంది. నేనూ పని చూసుకున్నాను. అది కక్కిన ఉండలన్నీ ఎత్తి బీరపాదు మొదట్లో వేశాను. ఆ ఏడు కాసినట్టు మా ఇంట్లో బీర మళ్లీ ఎప్పుడూ కాయలేదు.

మూడో తరగతితో నా చదువు అయిపోయింది గనక పిట్టల గురించి పుస్తకాల్లో ఏం రాశారో నాకు తెలియదు. పొద్దున్నే కొడవలి పట్టుకుని కాలవగట్టు మీద గడ్డికి వెళతాను, కళ్లు ఎక్కడో ఒకచోట పెట్టాలి గనక పిట్టల మీద పెడతాను. లకుముకి పిట్ట కరెంటు తీగ మీంచి నీళ్లలోకి రాయిలా పడి, చేపతో లేచి, దాన్ని తీగకేసి రెండుసార్లు బాది మింగుతుంది. నీటికాకి మునిగిన చోట తేలదు. ఎక్కడ తేలుతుందా అని చూస్తూ నిలబడితే గడ్డి కోయడం ఆలస్యమైపోతుంది. అదే గట్టు మీద డాక్టరు నడవమన్నాడని నడిచే పెద్దమనుషులు ఎదురవుతారు. చేతులూపుకుంటూ వస్తారు, స్థలాల ధరలు చెప్పుకుంటూ పోతారు. ఎదురుగా ముంగిస పిల్లల్ని వెంటేసుకుని దారి దాటినా కనబడదు. ఒకాయన నన్నోరోజు, "రోజూ ఎన్ని కిలోమీటర్లు నడుస్తారండీ?" అని అడిగాడు. గడ్డిమోపు నెత్తినున్న మనిషిని అడగాల్సిన మాటేనా అది?

వదిన భక్తి ఇంకో రకం. దసరాకు పాలపిట్టను చూడాలని పొలాల వెంట తిరుగుతుంది. ఆకాశంలో గరుడపక్షి కనిపిస్తే చెంపలు వేసుకుంటుంది. ఓసారి ఆవిడ కళ్లు మూసుకుని దండం పెడుతుండగానే ఆ గరుడపక్షి దిగి నా కోడిపిల్లను ఎత్తుకుపోయింది. "పుణ్యం చేసుకుందే కోడిపిల్ల," అంది. కొత్తగా వచ్చిన కేబుల్ టీవీలో, ఎక్కడో మంచు మీద ఊగుతూ నడిచే పిట్టలను చూసి, "ఎంత ముద్దుగా ఉన్నాయో" అని పప్పు మాడబెట్టింది కూడా ఆవిడే. మనింటి అటక మీదున్నది మాత్రం పనికిరాదు.

నాకు పిట్టల మీద ముద్దేమీ లేదు. సాయంత్రాలు చిక్కుడుపందిరి కింద పీట వేసుకుని కాయలు వలిచేదాన్ని. దీపాలవేళకు అది కిటికీలోంచి బయటికొచ్చి వెనకాల వరిచేను మీదుగా తేలిపోయేది. అంత పెద్ద రెక్కలకు ఇసుమంత చప్పుడుండదు. ఆ ఇంట్లో చప్పుడు చేయకుండా పని చేసేది అదొక్కటే. కాయలు అయిపోయినా ఇంకొంచెం సేపు కూర్చునేదాన్ని. కూర్చున్నందుకు నన్ను నేనే తిట్టుకుని లేచేదాన్ని.

దసరా వెళ్లాక ఒకరోజు గేదెకు తవుడు తీద్దామని కొట్టులోకి వెళితే అటక మీంచి 'బుస్స్' మంది. తవుడు బుట్ట వదిలేసి పరిగెత్తాను. కాసేపు గుమ్మం బయట నిలబడి విన్నాను. ఒక బుస ఆగకముందే ఇంకో బుస. పాములు వంతులేసుకుని బుసకొట్టవు కదా అనుకుని నిచ్చెన వేసి, టార్చి పట్టుకుని ఎక్కాను. నాలుగు పిల్లలు. ఏకిన పత్తిలా ఒళ్లంతా నూగు, వయసుకు మించిన ముసలి మొహాలు. లైటు పడగానే నాలుగూ మెడలూపుతూ నా మీద బుసకొట్టాయి. ఇంత అనాకారి పిల్లల్ని నేనెక్కడా చూడలేదు. మర్నాడూ వెళ్లి చూశాను.

తగువు సంగతికి వస్తే, ఆ సాయంత్రమే వదిన మావారిని పంతులుగారి దగ్గరికి తరిమింది. ఆయన తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే అక్కడ విన్నది అప్పజెప్పారు.

"ఇల్లు విడవక్కర్లేదన్నారక్కా. పొగబెట్టి వెళ్లగొట్టేసి, శాంతి చేయించుకుంటే చాలన్నారు."

"గూడుంటే గూడూ తీసి కాలవలో పారెయ్యాలి," అంది వదిన. "పొద్దున్నే కానిచ్చెయ్. నిప్పుల కుండలో గుప్పెడు ఎండుమిరపకాయలు వెయ్యి. ఏమే, మిరపకాయలు తీసుంచు."

"ఇవ్వనండి," అన్నాను.

"ఇవ్వవా?"

"పచ్చడికని తొడిమలు తీసి ఎండబెట్టుకున్నవి. పిట్టల ముక్కులకు పొగపెట్టడానిక్కాదు."

"అంటే నీకు నీ మొగుడి క్షేమం కంటే మిరపకాయలెక్కువా?"

"విత్తనాలెక్కువండి. రేపు ఎలుకలొస్తే దాళ్వాకు ఏం జల్లుతారు మీ తమ్ముడు? పేపరు చింపి జల్లుతారా?"

"చూశావురా దీని నోరు!"

"పోన్లే అక్కా, కిరాణా కొట్లో తెస్తాను," అన్నారు మావారు. ఆయన జీవితంలో అంత తొందరగా తీసుకున్న నిర్ణయం ఇంకోటి లేదు. వెంటనే వెళ్లి పొట్లం కట్టించుకుని మరీ వచ్చారు. నలభై ఏళ్ల కాపురంలో నేను కరివేపాకు తెమ్మంటే మర్నాడు తెచ్చే మనిషి. నేను గేదెకు గడ్డి వెయ్యడానికి లేచాను. మాట్లాడితే వినేవాళ్లు ఉండాలి. ఆ పిల్లలకు ఇంకా ఎగరడం రాదు.

పొద్దున్నే ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని, ముక్కుకు వదిన చీర పేలిక కట్టుకుని, నిప్పుల కుండ పట్టుకుని కొట్టు తలుపు తీశారు. వదిన పది అడుగుల దూరంలో నిలబడి, ఎలా ఎక్కాలో చెబుతోంది. నేను గేదె పాలు పితుకుతున్నాను. నిచ్చెన నాలుగు మెట్లెక్కాక పైనుంచి బుస మొదలైంది. ఆయన ముందు బయటపడ్డారో, కుండ ముందు బయటపడిందో నేను చూడలేదు. నిప్పులు మాత్రం గుమ్మం బయటే పడ్డాయి.

"పాము! అక్కా, పాము! ఇంత పెద్దది!"

"చూశావా?"

"చూడ్డమేంటక్కా, మొహం మీదే బుసకొట్టింది!"

వదిన రెండు చేతులూ జోడించింది. "రేపు నాగుల చవితిరా. మనం పుట్టకెళ్లకుండానే స్వామి మనింటికొచ్చాడు. ఇంకా గుడ్లగూబేంటి, ఎప్పుడో మింగేసుంటాడు. పొగ మాటెత్తితే కళ్లు పోతాయి!" నా వైపు తిరిగి, "నీకేమైనా తెలుసా ఈ సంగతి?" అంది.

"బుస నేనూ విన్నానండి," అన్నాను. అబద్ధం కాదు.

వదిన, నేను పితికిన చెంబులోని పాలు ఇత్తడి గిన్నెలోకి వంపి, పసుపూ కుంకుమా గుమ్మానికి రాసి, గిన్నె గుమ్మం లోపల పెట్టి తలుపు దగ్గరగా వేసింది. మావారు తాళంచెవి నా చేతిలో పెట్టి, ఆ గదిలోకి ఇకమీద తను రానని చెప్పి పేపరు దగ్గరికెళ్లారు. కొనుక్కొచ్చిన మిరపకాయల పొట్లం తీసి నా డబ్బాలో పోసుకున్నాను. వదిన స్నానానికి వెళ్లగానే కొట్టులో గిన్నె తీసి, పాలు కాచి తోడేశాను.