ఎస్తేరమ్మ గారు నలుగురిలో అన్న మాట

మొన్న మధ్యాహ్నం ఊరి చివర రైల్వే గేటు దగ్గర ఆగి ఉంటే, నా ముందున్న పాత స్కూటరు మొండికేసింది. దాని యజమాని కిక్కు మీద కిక్కు కొట్టాడు. కార్బ్యురేటరు పొంగి పెట్రోలు తారురోడ్డు మీద కారింది. ఎండకు ఆ వాసన గుప్పుమని లేచింది. వెనక లారీ హారను మోగుతోంది, పక్కన ఆటోవాడు తిడుతున్నాడు. నేను మాత్రం అక్కడ లేను. పచ్చి పెట్రోలు, ప్యాకింగులు అంటించే జిగురు, తలనొప్పికి రాసుకునే నీలగిరి తైలం, ఈ మూడు వాసనలూ కలిసి ఉండే చోటు నేనెరిగినంతలో ఒక్కటే. తెనాలిలో ఎస్తేరమ్మ గారి స్పేర్ పార్టుల కొట్టు.

మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. లూథరన్ బడిలో లెక్కలు చెప్పిన మనిషి. భర్త పోయాక కొట్టు అమ్మేస్తారని బంధువులు కాచుకుని కూర్చుంటే, ఆవిడ బడి మానేసి వచ్చి కౌంటరు వెనక కూర్చున్నారు. ఏ ఇంజనుకు ఏది అమరుతుందో కొట్టుకు వచ్చిన మెకానిక్కులనే ప్రశ్నలు వేసి వేసి నేర్చుకున్నారు. నేను ఎనభైలలో ఆవిడ దగ్గర పనికి చేరాను. చేరిన రోజునే నా చేతిరాత చూసి, "కోడి గీకినట్టుంది, ఎవరు నేర్పారయ్యా?" అన్నారు. అదేమీ పెద్ద మాట కాదని మా ఆవిడ అంటుంది. పక్కన కొనుగోలుదారులు ఉండగా అన్నారన్న సంగతి ఆమెకు అర్థం కాదు.

అంతకన్నా పెద్దది తర్వాత జరిగింది. కొట్టు ముందు మురుగుకాలవ పొంగుతోందని నేనొక అర్జీ రాశాను. బస్సు మా వీధి మొగలో ఆపడం లేదని ఇంకొకటి రాశాను. రెండూ న్యాయమైనవే. ఒకరోజు ఎవరో బేరింగు త్వరగా అరిగిపోయిందని గొణుగుతుంటే ఆవిడ, "మా అర్జీల అప్పారావుకి చెప్పండి, కలెక్టరు గారికి రాసిపెడతాడు" అన్నారు. కొట్టంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే. వాళ్ళలో కొందరు పోయారు కూడా. పేరు మాత్రం పోలేదు. తెనాలి నుంచి రేపల్లె దాకా పాకింది. నా పెళ్ళి శుభలేఖ అందుకున్న ఒకాయన, "ఏ అప్పారావు? అర్జీలా?" అని మా నాన్ననే అడిగాడు.

న్యాయంగా ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ కొట్టులో ఒక పద్ధతి ఉండేది. కొన్నది పనిచేయడం లేదని ఎవరైనా నోటితో చెబితే ఆవిడ వినేవారు కాదు. "సామాను కౌంటరు మీద పెట్టి మాట్లాడు నాయనా" అనేవారు. పెట్టాక మాత్రం ఎంత రద్దీగా ఉన్నా అద్దాలు పెట్టుకుని చూసేవారు. చిల్లర మెకానిక్కు అయినా, బస్సుల యజమాని అయినా ఒకటే చూపు.

తొంభైల మొదట్లో రేపల్లె వైపు పొలాలు రొయ్యల చెరువులుగా మారుతున్నాయి. వెంకటరత్నం గారనే వ్యాపారి, ఐసు కొట్టిన రొయ్యల పెట్టెలను రోజూ తెనాలి స్టేషనుకు తెచ్చి మద్రాసు వెళ్ళే బండికి అందించే వ్యాను కావాలన్నారు. "సోమవారం నుంచి మొదలు. నీ బండి రాకపోతే ఇంకొకడు కాచుకుని ఉన్నాడు, తర్వాత నన్ను అనొద్దు" అని ముందే చెప్పారు. కౌంటరు దగ్గర నిలబడి మాటలు పడే బతుకు నుంచి బయటపడటానికి నాకు దొరికిన దారి అది. మా వాటాకు వచ్చిన ఇంటిస్థలం అమ్మి, మూతపడ్డ బేకరీవాళ్ళ పాత పెట్రోలు వ్యాను కొన్నాను. ఇంజను విప్పేసరికి దాని పైభాగం, అంటే హెడ్డు, బీటువారి ఉంది. కొత్తది కొనే స్తోమత లేదు. మెకానిక్ మస్తాను అంతకన్నా పాత మోడలు బండి హెడ్డు ఒకటి వెతికి తెచ్చాడు. ఇక కావలసినవి రెండే. గాలినీ పెట్రోలునూ కలిపే కార్బ్యురేటరు, ఆ కలిపినదాన్ని నాలుగు సిలిండర్లకూ పంచే ఇనుప గొట్టాల కట్ట, మానిఫోల్డు.

కొట్టులో ఒక మూల పెద్ద కారుకు వాడే రెండు నోళ్ళ కార్బ్యురేటరు దుమ్ముపట్టి ఉంది. చవక. చూడటానికి దర్జాగా ఉంది. తీసి కౌంటరు మీద పెట్టాను.

"అది నీకు అమ్మను" అన్నారు ఎస్తేరమ్మ గారు.

"ఎందుకండి? ఊరికే అడగట్లేదు, డబ్బులిస్తాను."

"డబ్బులిచ్చినా ఇవ్వను. నీ ఇంజను గుక్క ఎంత, ఇది పోసేదెంత? పసిపిల్ల నోట్లో బిందెతో పాలు పోస్తావా?"

"లోడు బండి కదండి, బలం కావద్దూ?"

"బలం కాదు, దాహం వస్తుంది. కాలవ వంతెన ఎక్కేటప్పుడు నిదానంగా తొక్కితే ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. అప్పుడు రొయ్యలకి అర్జీ పెట్టుకుంటావా?"

మళ్ళీ నవ్వులు. నేను పని వదిలి వెళ్ళిపోవడం ఇష్టంలేకే ఇలా అడ్డుపడుతున్నారని అనుకున్నాను. ఆవిడ నిచ్చెన వేయించి, కొక్కేనికి వేలాడుతున్న మానిఫోల్డు ఒకటి దింపించారు. బోల్టులు దిగే రంధ్రాల ఎడం స్కేలుతో స్వయంగా కొలిచారు. దానికి సరిపడే ఒక నోటి కార్బ్యురేటరు ఎంచి ఇచ్చారు. "ఇది కూర్చుంటుంది. తీసుకుపో" అన్నారు. తీసుకుపోయాను. వేరే దారి లేదు.

బోల్టులన్నీ చక్కగా దిగాయి. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. వేగంగా తొక్కితే బాగానే ఉంది. కాలు తీస్తే మాత్రం ఎక్కడో ఉస్సుమంటూ కొట్టుకుని ఆగిపోయేది. అప్పుడప్పుడు కార్బ్యురేటరు నోట్లోంచి టప్పుమని తుమ్మేది. మస్తాను స్క్రూలు తిప్పీ తిప్పీ విసిగిపోయాడు. బరువుతో వంతెన ఎక్కే బండి కాదది. సోమవారం దగ్గరపడుతోంది. కొట్టుకు పరుగెత్తాను.

"అమ్మగారూ, మీరిచ్చింది కుదరలేదండి."

"సామాను ఏది?"

"ఇంజనుకే బిగించి ఉందండి. విప్పితే మళ్ళీ పని."

ఆవిడ రాస్తున్న బిల్లు మీంచి తలెత్తలేదు. "నీ ఇంజనుకి కూడా నీ జబ్బే పట్టింది అప్పారావ్. ఏది ఎక్కించినా తృప్తి లేదు" అన్నారు. నూనె డబ్బా కొనడానికి వచ్చిన ఒక రైతు పొట్ట పట్టుకుని నవ్వాడు. అతనికి నా ఇంజను సంగతి ఏం తెలుసని?

ఆ కోపంతోనే మస్తాను షెడ్డుకు వచ్చి ఇంజను స్టార్టు చేయమన్నాను. నూనె డబ్బా తీసుకుని మానిఫోల్డు హెడ్డును తాకే అతుకు పొడవునా చుక్కలు చుక్కలుగా వేస్తూ పోయాను. ఒకచోట నూనె జారి కింద పడలేదు. లోపలికి పోయింది. ఉస్సు ఆగింది. ఇంజను కాసేపు కుదురుగా తిరిగింది. "అన్నా, గాలి ఇక్కణ్ణించి తాగుతోంది!" అని మస్తాను అరిచాడు. విప్పాం. మానిఫోల్డు ముఖానికి గ్రీజు పూసి ఒక అట్టముక్క మీద అద్దాం. హెడ్డు ముఖానికీ అలాగే ఇంకో అట్ట అద్దాం. ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు చూస్తే బోల్టు రంధ్రాలు అచ్చంగా కలిశాయి. గాలి పోయే దారులు మాత్రం కలవలేదు. మానిఫోల్డువి కిందికి జారి ఉన్నాయి. ఆ అంచున గాలి చొరకుండా అడ్డే ప్యాకింగు కూర్చోవడానికి చోటే లేదు. హెడ్డు పాత మోడలుది, మానిఫోల్డు తర్వాతి మోడలుది. పైకి మాత్రం ఒకే ఇంటి పిల్లల్లా ఉన్నాయి.

శనివారం సాయంత్రం, కొట్టు కిటకిటలాడే వేళ చూసి వెళ్ళాను. ఆ వేళే కావాలని వెళ్ళాను. మానిఫోల్డునూ రెండు అట్టలనూ కౌంటరు మీద పెట్టాను.

"సామాను పెట్టాను అమ్మగారూ. ఎంచి ఇచ్చింది మీరే. ఇది నా హెడ్డుకు పనికిరాదు."

ఆవిడ అద్దాలు పెట్టుకున్నారు. అట్టలు రెండూ బల్బు కిందికి ఎత్తి చూశారు. ఇక, "లోపలికి రా, మాట్లాడదాం" అంటారనుకున్నాను. అప్పటిదాకా నా విషయంలో తప్పు తేలిన పెద్దమనుషులందరూ చేసింది అదే. నలుగురిలో మాట అనేవారు, చాటుకు పిలిచి భుజం తట్టేవారు. ఆ భుజం తట్టడాలు కూడా నేను మరిచిపోలేదు.

ఎస్తేరమ్మ గారు లేచి నిలబడ్డారు. నన్ను అర్జీల అప్పారావు అని పిలిచిన గొంతుతోనే, అంతే బిగ్గరగా, "అందరూ వినండి. అప్పారావు చెప్పింది నిజం. నేను బోల్టులు కొలిచాను, దారులు కొలవలేదు. జబ్బు ఇతనిదన్నాను, ఇంజనుదన్నాను. తప్పు నాది" అన్నారు.

ఆ పూట కొట్టులో ఉన్నవాళ్ళలో నన్ను చూసి నవ్వినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు కూడా విన్నారు. దారి పొడవునా నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ దండగయ్యాయి. దానికీ నాకు కోపమే వచ్చింది.

ఆవిడ అక్కడితో ఆగలేదు. "బాపట్ల స్టాండులో టాక్సీ నడిపే ఆయనకీ ఇలాంటి హెడ్డుకే ఇదే ఇచ్చాం. పాపం, బండిని తిట్టుకుంటూ ఉంటాడు. నేనే వెళ్ళి చెబుతాను" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "సోమవారానికి నీకు సరైనది ఏ ఊళ్ళోనూ దొరకదు. రేపు ఆరాధన అయ్యాక మస్తాన్ని తీసుకుని ఇంటికి రా" అన్నారు.

వాళ్ళ ఇంటి పక్క పాకలో కొట్టు సరుకు మోసే వ్యాను ఉండేది. నా హెడ్డు మోడలుదే. ఆవిడ గొడుగు వేసుకుని నిలబడి, దాని మానిఫోల్డునూ కార్బ్యురేటరునూ కలిపి ఊడదీయించారు. "ఇవి రెండూ మొదటి నుంచీ కలిసే ఉన్నాయి, విడదీయకండి" అన్నారు. ఆ తర్వాత చాలాకాలం కొట్టు సరుకు రిక్షాలో వచ్చింది. నేను పొంగిపోయి దండం పెట్టబోతే, ఆవిడ ధర చెప్పారు. పాత సామానుకు బజారులో ఎంతో అంత. ఒక్క రూపాయి తగ్గలేదు.

"తప్పు మీదన్నారు కదండి?" అన్నాను.

"అన్నాను. పాతది వెనక్కి తీసుకుని దాని డబ్బు మినహాయించాను కదా. ఇది నీకు ఉచితంగా ఇచ్చాననుకో, రేపు ఇది చెడితే ఏ మొహంతో వచ్చి నన్ను అడుగుతావు? డబ్బిచ్చి కొను. అప్పుడు నిండు కొట్టులో నిలబడి దెబ్బలాడొచ్చు."

ఇచ్చాను, సణుగుతూనే. సోమవారం రేపల్లెలో పెట్టెలు ఎక్కించుకుని బయలుదేరాను. కాలవ వంతెన దగ్గర ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. ఎత్తు మధ్యలో దాదాపు ఆపేయాల్సి వచ్చింది. పక్కసీట్లో మస్తాను కళ్ళు మూసుకున్నాడు. ఇంజను ఒక్క తుమ్ము తుమ్మలేదు. నెమ్మదిగా, పిల్లి నడిచినట్టు, వంతెన ఎక్కి దిగింది. మద్రాసు బండి రాకముందే పెట్టెలు ప్లాట్‌ఫారం మీద ఉన్నాయి. ఆ పని మీదే తర్వాత నాకు ఇల్లు అమిరింది, సొంత వర్క్‌షాపు అమిరింది.

పెద్దతనంలో ఎస్తేరమ్మ గారు కొట్టు ఇచ్చేసి బాపట్లలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. ఒకసారి చూడబోతే, "ఇంకా కోపమేనా నామీద?" అని అడిగారు. "ఉందండి" అన్నాను. "ఉండనీ. లేకపోతే ఇంత దూరం ఎవరొస్తారు?" అని నవ్వారు. కాఫీ మాత్రం ఆవిడే కలిపి ఇచ్చారు. పంచదార తక్కువైంది. ఆ మాట చెప్పాను కూడా.

ఆవిడ పోయాక బాపట్లలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. సంఘపెద్ద ఒకాయన లేచి, "ఎస్తేరమ్మ గారు జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు" అన్నారు. అందరూ తలలూపారు. నేను వెనక వరసలోంచి లేచి నిలబడ్డాను.

"అది నిజం కాదండి. నన్ను అన్నారు. చాలాసార్లు అన్నారు, నలుగురిలో అన్నారు."

ఎవరో నా చొక్కా పట్టి కూర్చోబెట్టబోయారు. ముందు వరసలో ఆవిడ చెల్లెలు వెనక్కి తిరిగారు. కళ్ళనిండా నీళ్ళు, మొహాన నవ్వు. "ఆపకండి, చెప్పనివ్వండి. అది మా అక్కే" అన్నారు. అప్పుడు ఆ శనివారం సాయంత్రం సంగతి మొత్తం చెప్పాను. చెప్పడం అయ్యాక సంఘపెద్ద గారు చాటుకు పిలిచి నా భుజం తట్టారు. దాన్ని కూడా గుర్తుపెట్టుకున్నాను.

ఇప్పుడు నా వర్క్‌షాపులో నలుగురు పనిచేస్తున్నారు. నా నోరు మంచిది కాదని ఊళ్ళో చెప్పుకుంటారు. మొన్నీమధ్య ఒకాయన వచ్చి, నేను వేసిన క్లచ్చు ప్లేటు నాసిరకమని నిండు షెడ్డులో గొడవ పెట్టుకున్నాడు. విప్పి చూస్తే ఆయన చెప్పిందే నిజం. అలాంటప్పుడు గొంతు దానంతట అదే తగ్గుతుంది, ఆఫీసు గదిలోకి పిలుద్దామనిపిస్తుంది. ఇన్నేళ్ళయినా అనిపిస్తూనే ఉంది. గ్రీజు చేతులు తుడుచుకుని, రోడ్డు అవతల టీకొట్టు దాకా వినపడేలా, "తప్పు నాదేనండి" అన్నాను.