గడియారాల తమ్ముడి దగ్గుల పుస్తకం

మా పక్కింటి గడియారాల తమ్ముడు తాగుడు మొదలెట్టాడని వీధంతా ఒకటే గుసగుస. పోయిన నెల ఎవరిదో చేతిగడియారం విప్పుతుంటే వేళ్లు వణికి మరమేకు కిందపడిందట. అంతే, అతని చేతిలో సీసా పెట్టేశారు. వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడ. పదిహేడేళ్లుగా ఆ గోడ ఇవతల ఉన్నదాన్ని చెబుతున్నాను, ఆ మనిషి టీ కూడా రెండో గ్లాసు ముట్టడు. వేళ్లు వణికిన మాట నిజం. తాగుడు శుద్ధ అబద్ధం.

అతనికున్నది ఉబ్బసం దగ్గు. అంటుకునేది కాదు గానీ మూడేళ్లుగా వదలడం లేదు. పోయిన చలికాలం ఊపిరందక పెదాలు నల్లబడితే, నేనూ అతని పెళ్లామూ చెరో రెక్కా పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్లాం. అప్పట్నుంచీ ఆ పిల్లకి మొగుడు దగ్గితే భయం, దగ్గకపోతే ఇంకా భయం.

డాక్టరమ్మ రెండు మందులిచ్చింది. నాలుగు వారాలు పీల్చే మందు, తర్వాత నాలుగు వారాలు మాత్ర. రోజుకెన్నిసార్లు దగ్గాడో పుస్తకంలో రాసి తెమ్మంది. దేనితో తగ్గితే ఇక అదే వాడాలి.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. పొద్దున్నే అతను దుకాణానికి పోయేదాకా గోడవతల దగ్గు వినిపించినప్పుడల్లా కుట్టుడబ్బాలోంచి ఒక బొత్తం తీసి గిన్నెలో వేశాను.

"వాడి దగ్గుకి నువ్వు కండక్టరువా, టిక్కెట్లు కొడుతున్నావు?" అన్నారు మావారు.

పీల్చే మందు నెలలో గిన్నెలో రెండు మూడు బొత్తాలకి మించలేదు. మాత్ర నెలలో ఏ పొద్దూ ముప్పైకి తగ్గలేదు.

నిన్న ఆ పిల్ల పుస్తకం కొంగులో దాచుకుని వచ్చింది. "వదినా, రేపే డాక్టరమ్మకి చూపించాలి. ఒక్కసారి చూడండి."

చూశాను. పీల్చే మందు కింద రోజుకి ఇరవై, పాతిక. మాత్ర కింద నాలుగు, మూడు, నాలుగు. మొత్తం తిరగేసి రాశాడు. పొరపాటనుకుందామా అంటే, గోడగడియారం అరనిమిషం వెనకబడితే ముద్ద దిగని మనిషాయె.

"ఇది చూస్తే మాత్రే రాస్తుంది కదే," అన్నాను.

"అదే కదా నా గుండెదడ. అడిగితే కసురుతున్నారు. మళ్లీ అలా నల్లబడితే నేనేం చెయ్యను వదినా? మీరడగండి, మీమీద కసరరు."

చెప్పులేసుకుని నేరుగా దుకాణానికి పోయాను. కంటికి భూతద్దం బిగించుకుని, చిన్న పట్టుకారుతో వెంట్రుకంత స్ప్రింగుని దించుతున్నాడు. చెయ్యి రాయిలా నిలకడగా ఉంది. ఇంతలో దగ్గొచ్చింది. పట్టుకారు బల్లమీద పెట్టాడు, వంగిపోయి దగ్గాడు. నేను లెక్కపెట్టాను, పదకొండు. కళ్లు తుడుచుకుని మళ్లీ పట్టుకారు అందుకున్నాడు.

"తమ్ముడూ, నీకు లెక్కలు రాకనా, నాకు చెవులు లేకనా? ఆ పుస్తకం ఎందుకు తిరగేసి రాశావు? ఊపిరితో ఆటలా?"

భూతద్దం తీసి పక్కన పెట్టాడు.

"అది పీలిస్తే వేళ్లు వణుకుతున్నాయక్కయ్యా. డాక్టరమ్మకి చెబితే, అయితే ఈ పని మానెయ్యి అంటుందేమో. దగ్గొస్తే పట్టుకారు కింద పెట్టుకుంటాను, పోయాక తీసుకుంటాను. వణుకొస్తే ఏం కింద పెట్టమంటావు?"